ఐదు వానల గోడ

కువైట్‌లో పందొమ్మిదేళ్ళు బండి తోలిన మనిషి తన వెనకాల ఏం వదిలి వెళ్తాడు? రిగ్గైలో అల్లాబకష్ ఉండే గదిలో ఒక సెలవు రోజు ఈ ప్రశ్న మీద సభ జరిగింది. సభ అంటే ఆరుగురు మనుషులు, ఒక టీ ఫ్లాస్కు. తాపీ పనివాళ్ళు ఫలానా ఆసుపత్రి మూడో అంతస్తు మాదన్నారు. వెల్డరు మునాఫ్ ఫలానా వంతెన కడ్డీల్లో తన చెయ్యి ఉందన్నాడు. డ్రైవరు వంతు వచ్చేసరికి, డ్రైవరు వదిలి వెళ్ళేది అరిగిన టైర్లేనని మునాఫే తీర్పు ఇచ్చేశాడు.

"నాదీ ఉండాది ఒక గోడ," అన్నాడు అల్లాబకష్.

"యాడన్నా?"

"ఫైలకా దీవిలో. చర్చి గోడ."

రాయచోటి సాయిబు, డ్రైవరు వీసా, సముద్రం మధ్య దీవి, పన్నెండు వందల ఏళ్ళు దాటిన చర్చి. ఈ నాలుగూ ఒకే వాక్యంలో ఇమడవని సభ ఏకగ్రీవంగా అభిప్రాయపడింది. ఆ రోజు నుంచి అతని పేరు చర్చి సాయిబు. అతను కాదనలేదు. ఇచ్చిన బిరుదును తిరిగి ఇచ్చే అలవాటు మనవాళ్ళలో ఎవరికీ లేదు.

అయితే గోడ మాత్రం నిజం.

అల్లాబకష్ పుట్టింది రాయచోటి పక్కన ఒక పల్లెలో, చౌడు మిద్దెలు వేసే ఇంట్లో. రాతి గోడల మీద దూలాలు, వాటి మీద కట్టెలు, ఆకు, ఆ పైన తొక్కి మెత్తిన మట్టి, అన్నిటి మీదా చౌడు మట్టి పొర. చౌడులో గింజ మొలవదు, చినుకు దిగదు. మంచి చౌడేదో నాలుకే చెప్పాలి. పంటకు అక్కరకు రాని ఆ మట్టికి జనం నెత్తిన కూర్చునే యోగం పట్టింది. ఇలాంటివి రాజకీయాల్లోనే అనుకుంటాం గానీ మట్టిలో కూడా జరుగుతాయి. ఏటా వానలకు ముందు కొత్త పొర వేయాలి, వాలు సరిచూడాలి. వాలు వేలెడు తప్పితే వాన నేరుగా అన్నం తపేలాలోకే వస్తుంది. పదహారేళ్ళకే అల్లాబకష్ మిద్దె మీద కళ్ళు మూసుకుని నాలుగడుగులు నడిచి, నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో చెప్పేవాడు. తర్వాత ఊళ్ళోకి సిమెంటు స్లాబు వచ్చింది. కళ్ళు తెరిచి చూసినా ఎవరికీ అక్కర్లేని విద్య అయిపోయింది అది. 1994లో డ్రైవరు వీసా మీద కువైట్ వచ్చాడు.

2007 చలికాలంలో అతని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అతన్నీ వ్యానునూ కలిపి, ఫైలకాలో తవ్వకాలు జరిపే ఒక విదేశీ బృందానికి అప్పగించాడు. వ్యానును పడవలో దీవికి చేర్చారు. పొద్దున వాళ్ళను తవ్వే చోట దించాలి, సాయంత్రం ఎక్కించుకోవాలి. మధ్యలో ఎనిమిది గంటలు ఖాళీ. ఖాళీగా కూర్చోవడం చేతగాని మనిషి కాబట్టి చూస్తూ కూర్చున్నాడు. తవ్వకాల వాళ్ళకు ఒక ఆచారం ఉంది. నెలల తరబడి కుంచెతో ఊడ్చి ఊడ్చి గోడను బయటికి తీస్తారు. ఎండలు ముదిరే ముందు ఆ గోడ పాడవకుండా మళ్ళీ కప్పి వెళ్తారు. 2008 మార్చిలో ఇసుక సంచులతో కప్పడం మొదలైంది. అల్లాబకష్ దానిని రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడో రోజు బండి దిగి, బృందానికి పెద్దయిన మేడం ముందు నిలబడి, ఆ నేల మీది తెల్లమట్టి చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాడు.

మేడం కంగారుపడి నీళ్ళ సీసా అందించింది. డ్రైవరుకు ఎండ తగిలిందనుకుంది.

అతను ఆ మట్టి ఉమ్మేసి, ఇది వద్దన్నట్టు తలూపాడు. కంచె అవతల ఒక పల్లానికి పోయి అక్కడి మట్టి తెచ్చి రుచి చూసి, ఇది అన్నాడు. సగం హిందీ, పావు అరబ్బీ, మిగతా పావు చేతులు కలిపి తన విద్య వివరించాడు. పాత గోడకు తగలకుండా మధ్యలో గుడ్డ పరుస్తానన్నాడు. చివరికి మేడం ఉత్తరం వైపు గది గోడ ఒక్కటి, పది అడుగుల పొడవుది, అతనికి వదిలింది. అతను నాలుగు రోజులు మట్టి తొక్కాడు, గడ్డి కలిపాడు, అరచేత్తో మెత్తాడు, వాలు పెట్టాడు.

ఎన్ని చలికాలాల వానలకు ఆగుతుందని మేడం అడిగింది. తన ఆశ కొద్దీ ఒక వేలు చూపించింది. అల్లాబకష్ చెయ్యి మొత్తం చాపాడు. ఐదు. మేడం నవ్వి పుస్తకంలో రాసుకుంది.

మరుసటి ఏడు ఆ పనికి వేరే బండి వెళ్ళింది. అల్లాబకష్ మళ్ళీ ఫైలకా చూడలేదు. కువైట్‌లో ఏడాదికి కురిసేది నాలుగు జల్లులు. ఆ నాలుగూ రిగ్గై రోడ్ల మీద నిలిచి జనం తిట్టుకుంటుంటే, అతను వైపర్లు ఆపేసి వాన ఎంత గట్టిగా పడుతోందో చూసేవాడు. ఊరికి ఫోన్ చేస్తే భార్య గౌసియా బీ ఒకటే మాట.

"ఈడ మన మిద్దె కారతాంది. నువ్వు ఆడ ఊరోళ్ళ దేవుడింటికి మట్టి మెత్తినావు."

2013 మార్చి చివరన ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, రద్దు చేసుకుని ఇంటికి పోవడం ఖాయమైంది. ఐదో చలికాలం గడుస్తోంది. ఆ గోడ నిలిచిందో కూలిందో చూడకుండా విమానం ఎక్కితే, మునాఫ్ చెప్పిన టైర్లే ఖాయం.

సరిగ్గా అప్పుడే హవల్లీలోని ఒక తెలుగు క్రైస్తవ సహవాసం ఫైలకాకు ఒకరోజు యాత్ర తలపెట్టింది. కార్యదర్శి యెహోషువ నరసాపురం వాడు, ఒక కంపెనీలో గుమాస్తా, కాగితం అంటే ప్రాణం. కార్యక్రమాన్ని నిమిషాలతో సహా టైపు చేసి ఇరవై ఎనిమిది ప్రతులు తీశాడు. పదిన్నరకు ఆది క్రైస్తవుల ఆలయ శిథిలాలు, ఆరాధన. పన్నెండుకు భోజనం. ఒంటిగంటకు గ్రీకుల శిథిలాలు, ఫోటోలు. సాల్మియా రేవు దాకా తీసుకెళ్ళే వ్యాను అల్లాబకష్‌ది. కానీ వ్యాను రేవు దగ్గరే ఆగుతుంది, డ్రైవరూ అక్కడే ఆగాలి.

ఆ చిక్కు విప్పింది సహవాసంలోని రత్నమణి. రాజోలు మనిషి. పన్నెండేళ్ళుగా ఒక అరబ్బు ఇంట్లో వంట చేస్తోంది. మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు కూడా ఆమె నోటికి జడిసి శుక్రవారం సెలవు ఇస్తుంది. అల్లాబకష్ తన గోడ సంగతంతా ఆమెకు చెప్పుకున్నాడు. ఆమె వెళ్ళి యెహోషువతో అంది: "చికెన్ పలావు డేక్షా ఎవరు మోత్తారండి? మీరు మోత్తారా? మరైతే ఆయనక్కూడా ఒక సీటు రాయండి."

ఆ విధంగా అల్లాబకష్ ఫిబ్రవరిలో ఒక శుక్రవారం, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని, డేక్షా మోసే హోదాలో పడవ ఎక్కాడు.

దీవి మీద బస్సు, గైడు సిద్ధంగా ఉన్నారు. గైడు ఈజిప్టు వాడు, చేతిలో పచ్చజెండా. బస్సు కదలగానే, ముందు గ్రీకు కోటకు, తర్వాత చర్చికి వెళ్తామని అతను మైకులో మర్యాదగా ప్రకటించాడు. సహవాసం ఆ సమయానికి కంజిరతో సహా పాట అందుకుని ఉంది. ప్రకటన ఎవరి చెవికీ చేరలేదు.

పదిన్నరకు బస్సు ఆగింది. కాగితంలో పదిన్నర ఎదురుగా ఏముందో అందరికీ తెలుసు. ఎదురుగా రాతి గోడలు, విరిగిన స్తంభాల మొదళ్ళు, వాటి ముందు ఒక రాతి అరుగు. యెహోషువ చెప్పులు విడిచాడు. ఇరవై ఏడు జతల చెప్పులు అతన్ని అనుసరించాయి. ఆడవాళ్ళు కొంగులు తల మీదికి లాక్కున్నారు. యెహోషువ ఆ అరుగు మీద చెయ్యి ఆనించి, మన పితరులు మోకరించిన చోటు ఇది అని ఒక్క మాట అని, కన్నీళ్ళు పెట్టుకున్నాడు. నిజమైన కన్నీళ్ళే. సంఘమంతా మోకాళ్ళ మీద కూలబడింది.

బస్సు వెనక నుంచి డేక్షా దించుకుని అల్లాబకష్ వచ్చేసరికి అందరి కళ్ళూ మూసి ఉన్నాయి. ఆ చోటు అతనికి తెలుసు. తవ్వకాల రోజుల్లో మేడం ఒకసారి పనివాళ్ళందరినీ తెచ్చి చూపించింది. అలెగ్జాండర్ తర్వాతి కాలపు గ్రీకు సిపాయిల కోట, వాళ్ళు మొక్కుకున్న గుడి. సహవాసం కన్నీళ్ళు పెట్టుకుంటున్నది గ్రీకుల దేవత ముందు.

చెప్పాలి. కానీ ప్రార్థనలో ఉన్న మనిషిని ఎలా కదిలించడం? నమాజులో ఉండగా తన భుజం ఎవరైనా తడితే తనకెలా ఉంటుంది? డేక్షా పక్కన కూర్చున్నాడు. యెహోషువ ప్రార్థన గోదావరిలా సాగుతోంది. రాజుగారి ఆరోగ్యం అయిపోయింది, రెండు గోదావరి జిల్లాలు అయిపోయాయి, పరీక్షలు రాసే నర్సులు అయిపోయారు, ఇఖామా ఆగిపోయిన వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. అరగంట గడిచింది. గైడు దగ్గరికొచ్చి గడియారం చూపించాడు. పడవకు టైము ఉంది, ఇంకో పావుగంటలో కదలకపోతే చర్చి ఖలాస్, నేరుగా భోజనం, నేరుగా రేవు.

అల్లాబకష్ మెల్లగా జరిగి రత్నమణి పక్కకు చేరాడు.

"రత్నమణమ్మా."

"ప్రార్థనలో ఉన్నానండి."

"ఒక కన్ను తెరిసే ఉండావు గదమ్మా."

"అది డేక్షా కోసవండి. పిల్లులు తిరుగుతున్నాయి."

"ఇది మీది కాదమ్మా."

"ఏది?"

"ఈ గుడి. ఇది గ్రీకోళ్ళది. ఎవురో అమ్మోరిది. మీది ఇంగా లోపలికి ఉండాది, బస్సులో పోవాల."

రత్నమణి రెండో కన్ను కూడా తెరిచింది. "అయ్య బాబోయ్! అరగంట నుంచి ఏడుత్తున్నాం కదండీ!"

"ఏడిస్తే తప్పేముండాదిలే. దేవునికి అడ్రసు తెలుసు. పావుగంటలో కదలకుంటే మాత్రం అసలుది సూడకుండానే పోతాం."

రత్నమణి తడుముకోలేదు. యెహోషువ ఊపిరి తీసుకునే చోటు కనిపెట్టి, కంచుగొంతుతో "ఆమెన్" అంది. గట్టిగా ఒక ఆమెన్ వినిపిస్తే అందుకోవడం తరతరాల అలవాటు. ఇరవై ఆరుగురు అందుకున్నారు, మోకాళ్ళు దులుపుకుని లేచారు.

"సిస్టర్, నేనింకా ముగించలేదు," అన్నాడు యెహోషువ.

"ముగించేశారండి. ఇలా రండి, చెప్తాను."

విన్నాక యెహోషువ మొహంలో రంగు మారింది. కాగితం తీశాడు. "ఇందులో అలా లేదే."

"అది మీరే రాసుకున్నారు కదండీ."

అతను అల్లాబకష్ వైపు తిరిగాడు. "బ్రదర్, ఇది చర్చి కాదని మీకెలా తెలుసు?"

"చర్చి కాడ నేను పని చేసినా సార్. గోడకు మట్టి మెత్తినా."

"మీరు సాయిబులు కదా?"

"గోడ అడగలా సార్ ఆ మాట."

యెహోషువ అరుగు నుంచి చెయ్యి తీసి, రుమాలుతో తుడుచుకోబోయి, మర్యాద గుర్తొచ్చి మానేశాడు. తర్వాత సంఘాన్ని ఉద్దేశించి సంగతి చెప్పాడు. ప్రార్థన అందవలసిన వారికే అందిందన్నాడు. ఆ విషయంలో ఎవరికీ పేచీ లేదు. కాకపోతే టైము మించింది, అందరూ అలిసిపోయారు, ఇక్కడే నీడ ఉంది, భోంచేసి తిరిగి పోదాం, చర్చి మరోసారి చూడవచ్చు అన్నాడు. ఆకలి మీద ఉన్న సంఘం ఔనంది. మరోసారి అనేది అక్కడ అందరికీ ఉంది. ఒక్కడికే లేదు.

అల్లాబకష్ వాదించలేదు, బతిమాలలేదు. వంగి డేక్షా ఎత్తుకున్నాడు. నెమ్మదిగా నడిచి, బస్సులోకి ఎక్కించి, దాని పక్క సీట్లో కూర్చున్నాడు.

"బ్రదర్, అదేంటి?" యెహోషువ పరుగున వచ్చాడు.

"ఆడ తిందాం సార్. ఆడ గాలి బాగుంటాది."

ఇంతకన్న బలమైన వాదన ఆ రోజు ఫైలకాలో ఎవరూ వినిపించలేదు. రెండు నిమిషాల్లో ఇరవై ఎనిమిది మందీ బస్సులో ఉన్నారు. రత్నమణి లోపలికి ఎక్కుతూ, "పదండి అన్నయ్యా, మీ గోడెలగుందో చూద్దాం," అంది.

దారి పొడుగునా యుద్ధంలో తూట్లు పడ్డ పాత ఇళ్ళు, ఒంటెలు వెనక్కి పోయాయి. కంచె కనిపించింది. కాపలావాడు గేటు తీశాడు. గైడు జెండా ఎత్తి చర్చి చరిత్ర మొదలుపెట్టే లోపే అల్లాబకష్ అతన్ని దాటి పోయాడు.

మొదట కనిపించినవి పక్క గోడలు. ఎండకు చివికి చిరిగిన సంచులు, కారిపోయిన ఇసుక, అంచులు కరిగి గుండ్రమైపోయిన పాత ఇటుక. అల్లాబకష్ నిలబడ్డాడు. తర్వాత ఉత్తరం వైపు తిరిగాడు.

గోడ ఉంది.

పది అడుగులూ ఉంది. పైపొర గట్టిపడి, వెన్నుపట్టెలా వాలుగా, ఎండలో తెల్లగా మెరుస్తోంది. అతను దగ్గరికి పోయి, కళ్ళు మూసుకుని, అడుగులతో నడవడానికి వీల్లేదు కాబట్టి అరచేత్తో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాడు. తూర్పు మూలకు వచ్చేసరికి చెయ్యి ఆగింది. అక్కడ వాన ఒక చార కోసుకుని కిందికి దిగింది, జానెడు మేర. అది చివరి రోజు పని. వ్యానులో కూర్చుని బృందం హారను కొడుతోందని తొందరగా మెత్తిన మూల.

"ఏమైందండి?" రత్నమణి వచ్చింది. వెనకాల సంఘమంతా వచ్చింది.

అతను ఆమె చేతిలోని నీళ్ళ సీసా అడిగి, మూతనిండా నీళ్ళు తీసి, గోడ నడి నెత్తిన వదిలాడు. అందరూ వంగి చూశారు. నీళ్ళు ఒక్క క్షణం ఆలోచించాయి. తర్వాత గీసిన గీత మీద నడిచినట్టు బయటి వాలు పట్టుకుని జారి, గోడకు జానెడు దూరంలో నేల మీద పడ్డాయి. లోపలికి ఒక్క బొట్టు దిగలేదు.

"ఐదు వానలు," అన్నాడు అల్లాబకష్. ఇంకోసారి అన్నాడు. "ఐదు వానలన్నా, ఆ మేడంతో. ఐదూ అయినాయి."

ఎవరో చప్పట్లు కొట్టారు. మోకాళ్ళ మీద ఉండవలసిన చోట సంఘం నిలబడి చప్పట్లు కొట్టింది, ఒక రాయచోటి సాయిబు కోసం. యెహోషువ గైడు దగ్గరికి పోయి, చాలా మర్యాదగా, కాసేపు ఆ జెండా ఇటు ఇవ్వమన్నాడు. గైడుకు కూడా సిగరెట్ కాల్చుకోవాలని ఉంది, ఇచ్చాడు. అల్లాబకష్ పచ్చజెండా పట్టుకుని చర్చి చూపించాడు.

"ఇది గుమ్మం. వంగి రావాల్సిందే, మహారాజయినా. ఈడ మీవోళ్ళు నిలబడేది. ఆ ముందర గురువు నిలబడేది. ఆడ సున్నంతో చేసిన సిలువ దొరికిందంట, నాకంటే ముందర తవ్వినోళ్ళకు. ఈ గదిలో ఏం చేసేవోళ్ళో మేడంకూ తెలీదు, నాకూ తెలీదు. తెలీందాన్ని చెప్పగూడదు."

ఆ ఆఖరి మాటకు యెహోషువ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు జరిగింది ప్రార్థన. రెండే నిమిషాలు. ఇఖామాలు అప్పటికే అయిపోయాయి కాబట్టి కృతజ్ఞత మాత్రమే మిగిలింది. అల్లాబకష్ చెప్పులు విడిచి, జెండా దించి, గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

ఆమెన్ అవగానే పచ్చడి సీసాలు బయటికి వచ్చాయి. పరిశుద్ధ స్థలానికి పోయినవాళ్ళు పిడికెడు మట్టి తెచ్చుకోకపోతే ఊళ్ళో నమ్మరు. అందుకని అందరూ ఖాళీ సీసాలు కడిగి తెచ్చుకున్నారు. రత్నమణి గోడ మొదట్లోకి వంగిందో లేదో, అల్లాబకష్ అడ్డంగా నిలబడ్డాడు.

"వద్దమ్మా. పిడికెడు పిడికెడు తీస్కపోతే ఆరో వానకు ఏముంటాది? సార్, జేబులోది కూడా."

యెహోషువ ఉలిక్కిపడ్డాడు. "ఏది?"

"గులకరాయి సార్. ఆ రాయి నాకు తెలుసు."

కార్యదర్శి జేబులోంచి గులకరాయి తీసి, పసిబిడ్డను ఉయ్యాల్లో పెట్టినట్టు యథాస్థానంలో పెట్టాడు. సంఘం మొహాలు చిన్నబోయాయి. అల్లాబకష్ వాళ్ళను కంచె బయటికి, కాస్త దూరంలోని పల్లానికి నడిపించాడు.

"గోడకు మట్టి తెచ్చింది ఈడి నుంచే. నేను రుచి చూసి తెచ్చినా. ఎంత కావాలంటే అంత తీస్కోండి. ఇది నాది."

ఇరవై ఎనిమిది సీసాలు నిండాయి. పలావు అక్కడే, గాలికి, నిలబడి తిన్నారు. గైడు రెండుసార్లు వడ్డించుకున్నాడు.

బయలుదేరే ముందు అల్లాబకష్ ఒక ఫోటో కావాలన్నాడు. రత్నమణి పక్కకు చేరబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "నీతో ఇంగోటి దిగుతానమ్మా. దీంట్లో నేనూ గోడా అంతే. మునాఫ్‌కు చూపించాల." చొక్కా సర్దుకుని, చెయ్యి మొత్తం చాపి, ఐదు వేళ్ళూ కనిపించేలా నిలబడ్డాడు. యెహోషువ తీశాడు. తూర్పు మూల కూడా ఫోటోలో పడింది. దాన్ని తప్పించి తీయనా అని అడిగితే అల్లాబకష్ వద్దన్నాడు.

పడవ రేవు దాటాక ఊరికి ఫోన్ చేశాడు. ఇంజను మోతలో గట్టిగా అరవాల్సి వచ్చింది కాబట్టి సంఘమంతా వింది.

"నిలబడింది!"

అవతల గౌసియా బీ ఆరా తీసింది. "అంతా నిలబడిందా?"

"ఒక మూల కొంచెం కొట్టకపోయింది."

"ఆ మూల ఎవురు మెత్తింది?"

"నేనే."

"తక్కింది?"

"అదీ నేనే."

"సరే," అంది గౌసియా బీ. "చౌడు తోలించి పెడ్తా. నువ్వొచ్చి మన మిద్దె ఎక్కు."